శనివారం రాత్రి శవపేటికలోంచి లేచే స్వెన్‌గూలీ ఇంకా ఎందుకు నడుస్తున్నాడు?

అమెరికాలో శనివారం రాత్రి మీటీవీ అనే ఛానెల్ పెడితే ఓ శవపేటిక మూత తెరుచుకుని లోపల్నుంచి ఒక పెద్దాయన లేస్తాడు. పొడుగు నల్ల విగ్గు, దాని మీద గొట్టంలాంటి నల్ల టోపీ, కళ్ల చుట్టూ నల్లరంగు, ఎర్ర చొక్కా, పైన టక్సీడో కోటు. పేరు స్వెన్‌గూలీ. ఈ వారం ఏ పాత దెయ్యం సినిమా వేస్తున్నారో చెబుతాడు, మధ్యలో తల పట్టుకునేంత నాసిరకం జోకు ఒకటి వేస్తాడు, వెంటనే కెమెరా వెనక నుంచి రబ్బరు కోళ్లు వచ్చి మీద పడతాయి. ఇంతే ప్రోగ్రాం. 1970లో షికాగోలోని ఒక లోకల్ స్టేషన్లో మొదలైన వేషం ఇది. మధ్యలో రెండుసార్లు ఆపేశారు, వేషం కట్టే మనిషి మారాడు, ఛానెల్ మారింది, జనం టీవీ చూసే పద్ధతే మారిపోయింది, వేషం మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

దీనికి అందరూ చెప్పే కారణం చిన్నప్పటి జ్ఞాపకాలు. నిజమే కానీ అది చాలదు. ఒకప్పుడు అమెరికాలో కాస్త పెద్ద ఊరు అనిపించుకున్న ప్రతి చోటా ఇలాంటి హారర్ హోస్ట్ ఒకడు ఉండేవాడు. ప్రతి ఊళ్లోనూ పిల్లలు దుప్పటి కప్పుకుని వాణ్ణి చూశారు, ప్రతి ఊళ్లోనూ ఆ పిల్లలు పెద్దయ్యి వాణ్ణి తలుచుకుంటారు. జ్ఞాపకాలే కారణమైతే ఇవాళ వందమంది నడుస్తూ ఉండాలి. దేశమంతా యాంటెన్నా పెట్టుకుని ఉచితంగా చూడగలిగేలా ఇంతకాలం నిలబడింది మాత్రం ఈయనే. కాబట్టి వేరే కారణం ఏదో ఉంది, అది కనిపించాలంటే అసలు ఈ హోస్టులు ఎందుకు పుట్టారో కొంచెం చూడాలి.

1954లో లాస్ ఏంజెలెస్‌లో మైలా నుర్మి అనే నటి వాంపైరా వేషంలో అర్ధరాత్రి సినిమాలు పరిచయం చేసింది, ఈ వరసలో మొదటి పెద్ద పేరు ఆమెదే. కానీ అలవాటు ఊరూరా పాకింది 1957లో. స్క్రీన్ జెమ్స్ అనే సంస్థ యూనివర్సల్ స్టూడియో వాళ్ల పాత సినిమాలు 52 కట్టగట్టి ‘షాక్’ అనే పేరుతో టీవీ స్టేషన్లకి అమ్మింది. డ్రాకులా, ఫ్రాంకెన్‌స్టైన్, మమ్మీ, అన్నీ అందులోవే. స్టేషన్లకి ఇది మంచి బేరం, కాకపోతే చిన్న ఇబ్బంది. ఆ సినిమాలు చాలావరకు డెబ్భై నిమిషాలకి అటూ ఇటూ ఉంటాయి. యాడ్స్ వేసినా రెండు గంటల స్లాట్ నిండదు. పైగా వాటిలో ఫస్ట్ క్లాస్ సినిమాలు కొన్నే, మిగతావి నింపుడు సరుకు. ఆ ఖాళీని నింపడానికి, నింపుడు సరుకుని కూడా జనం చేత చూపించడానికి ఒక మనిషి కావాలి. బయటి నటుణ్ణి పెట్టుకోవడానికి డబ్బుల్లేవు. స్టేషన్లో అప్పటికే జీతం తీసుకుంటున్నవాడు ఎవడున్నాడు? వాతావరణం చెప్పేవాడు, అనౌన్సరు, పిల్లల ప్రోగ్రాం చేసేవాడు. వాళ్లలో ఒకరికి మొహాన తెల్లపొడి కొట్టి, నాలుగు కొవ్వొత్తులు వెలిగించి కూర్చోబెట్టేశారు. ఫిలడెల్ఫియాలో జాన్ జాకర్లీ ఈ పనితో ఎంత పైకి వెళ్లాడంటే 1958లో న్యూయార్క్ స్టేషను లాక్కుపోయింది, పాట రికార్డు వేస్తే అది కూడా హిట్టయింది. షికాగోలో అదే 1957లో టెర్రీ బెన్నెట్ మార్విన్ అనే పాత్ర వేసేవాడు.

అంటే ఈ కళ పుట్టిందే చేతిలో డబ్బుల్లేక. ఆ పేదరికాన్ని దాచిపెట్టినవాళ్లు ఎక్కువకాలం నిలవలేదు, అట్టముక్కల సమాధిని చూపించి ఇది అట్టముక్క అని వాళ్లే నవ్విన హోస్టులనే జనం దగ్గరికి తీసుకున్నారు.

స్వెన్‌గూలీ పుట్టుక ఈ లెక్కకి సరిగ్గా సరిపోతుంది. జెర్రీ జి. బిషప్ అనే ఆయన రేడియో మనిషి, బీటిల్స్ అమెరికా టూర్లకి వచ్చినప్పుడు వాళ్లతో పాటు తిరిగి వార్తలు పంపినవాడు. 1970లో షికాగో ఛానెల్ 32, డబ్ల్యూఎఫ్‌ఎల్‌డీలో అనౌన్సరుగా ఉన్నాడు. శుక్రవారం రాత్రి దెయ్యం సినిమా మధ్యలో యాడ్స్‌కి వెళ్లేటప్పుడు తెర మీద ఒక స్లైడు పడుతుంది, దాని వెనక అనౌన్సరు గొంతు వినిపించాలి. ఆ గొంతునే బిషప్ డ్రాకులా యాసలోకి మార్చి తోచిన కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు. మనిషి కనపడడు, మాట మాత్రం వినపడుతుంది. జనానికి అది ఎక్కింది. దాంతో అదే ఏడాది సెప్టెంబరులో ‘స్క్రీమింగ్ ఎల్లో థియేటర్’ పేరుతో ఆ గొంతుకి ఒక వేషం కట్టారు. ఆకుపచ్చ జుట్టు, చేతిలో గిటారు, రంగులు పులిమిన శవపేటిక, చూడటానికి ట్రాన్సిల్వేనియా నుంచి దిగిన హిప్పీలా ఉండేవాడు. ఆ రోజుల్లో హిప్పీని చూస్తేనే పెద్దవాళ్లకి టెన్షన్, కాబట్టి దెయ్యం కంటే ఆ గిటారే ఎక్కువ భయపెట్టి ఉంటుంది.

మూడేళ్లు బ్రహ్మాండంగా నడిచింది. 1973లో స్టేషను కైజర్ బ్రాడ్‌కాస్టింగ్ చేతికి వచ్చింది. కైజర్ వాళ్లకి క్లీవ్‌లాండ్‌లో అప్పటికే ఒక హోస్ట్ ఉన్నాడు, రాన్ స్వీడ్, పాత్ర పేరు ‘ద ఘూల్’. ఒకే కంపెనీకి ఇద్దరు ఎందుకు, ఒకడి టేపులు అన్ని ఊళ్లకీ పంపితే సరిపోదా అనుకున్నారు. లెక్కల పుస్తకంలో చూస్తే తప్పేమీ లేదు. బిషప్‌ని ఆపి ఘూల్‌ని పెట్టారు. షికాగోలో వాడు నిలవలేదు.

ఈ కథ ఎక్కడ చెప్పినా చివర ఒక నీతి తగిలిస్తారు, లోకల్ జోకు లోకల్‌గానే పేలుతుంది, పరాయి ఊరి హోస్టుని జనం ఒప్పుకోరు అని. వినడానికి బాగుంది గానీ అది పూర్తి నిజం కాదు. అదే ఘూల్, అవే టేపులు, డెట్రాయిట్‌లో చక్కగా ఆడాయి. డెట్రాయిట్ కూడా ఘూల్‌కి పరాయి ఊరే. అక్కడ సర్ గ్రేవ్స్ గాస్ట్లీ అనే సొంత హోస్ట్ వేరే ఛానెల్లో ఉన్నాడు కూడా, అయినా ఇద్దరినీ చూశారు. తేడా ఒక్కటే. డెట్రాయిట్‌లో ఘూల్ వచ్చాడని ఎవర్నీ తీసెయ్యలేదు. షికాగోలో ఒకణ్ణి పంపించేసి, అతని కుర్చీలో కూర్చోబెట్టారు. పైగా ఘూల్ పద్ధతి వేరు, బొమ్మ కార్లలో టపాసులు పెట్టి పేల్చే గోల రకం, బిషప్‌ది మాటల మీద, పాటల మీద నడిచే రకం. షికాగో ప్రేక్షకుడికి కోపం వచ్చింది కొత్తవాడు క్లీవ్‌లాండ్ వాడని కాదు, తమవాణ్ణి అడక్కుండా తీసేశారని. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తర్వాత జరిగినదంతా అర్థమవుతుంది.

ఇక ఇప్పుడు ఈ వేషం కడుతున్న రిచ్ కాజ్ సంగతి. 1952లో పుట్టాడు, బిషప్ షో నడిచే రోజుల్లో కాలేజీ కుర్రాడు. ఇంట్లో కూర్చుని జోకులు రాసి స్టేషనుకి పోస్టు చేసేవాడు. బిషప్ వాటిని వాడాడు, బాగున్నాయని పిలిపించాడు, పనిలోకి తీసుకున్నాడు. షో పోయాక కూడా ఇద్దరి మధ్యా సంబంధం పోలేదు. కొన్నేళ్లకి బిషప్ షికాగో వదిలి శాన్ డియేగో వెళ్లేటప్పటికి వేషం ఖాళీగా ఉంది. దాన్ని నువ్వు కట్టు, కాకపోతే నా కొడుకువని చెప్పుకో అన్నది బిషప్ ఆలోచనే. అలా 1979 జూన్‌లో అదే ఛానెల్ 32లో ‘సన్ ఆఫ్ స్వెన్‌గూలీ’ మొదలైంది.

‘కొడుకు’ అనే ఆ ఏర్పాటు ఎంత తెలివైనదో అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. ఘూల్‌ని పెట్టినప్పుడు చేసిన తప్పు ఇక్కడ పూర్తిగా తప్పిపోయింది. కొత్తవాడు పాతవాడి స్థానంలోకి రావడం లేదు, పాతవాడు ఇంకా ఉన్నాడు, ఎక్కడో ఉన్నాడు, వీడు వాళ్లబ్బాయి. ప్రేక్షకుడు ఎవరినీ వదులుకోనక్కర్లేదు. పిల్లవాడు కాబట్టి మొదట్లో కాస్త తడబడినా చెల్లుతుంది. మనవైపు నాటక సమాజాల్లో గురువు దగ్గర వేషం నేర్చుకున్నవాడు గురువు ఎదటే రంగు పూసుకుని మొదటిసారి దిగితే జనం ఇచ్చే చనువు ఎలాంటిదో, ఇదీ అలాంటిదే.

ఇప్పుడు బెర్విన్ దగ్గరికి రావాలి, స్వెన్‌గూలీని బెర్విన్ లేకుండా చెప్పడం కుదరదు. బెర్విన్ అనేది షికాగోని ఆనుకుని పడమటివైపున్న చిన్న ఊరు, ఒకేలాంటి ఇటుక బంగళాలు వరసలు వరసలుగా ఉంటాయి. ఒకప్పుడు చెక్ కుటుంబాలు ఎక్కువ. పోల్కా సంగీతం, తెల్ల సాక్సులు, పెరట్లో ప్లాస్టిక్ ఫ్లెమింగో కొంగలు, ఇదీ ఆ ఊరి మీద షికాగో వాళ్లు వేసే జోకు. బిషప్ కాలంలోనే ఇది మొదలైంది, కాజ్ దాన్ని మానలేదు. సినిమాలో ట్రాన్సిల్వేనియా అనే మాట వచ్చినా, ఎవరైనా ఎక్కడికో ప్రయాణం కట్టినా, ఒక గొంతు దీర్ఘం తీస్తూ “బెర్వి...న్!” అని అరుస్తుంది. జోకు మొత్తం అంతే, ఇంకేం లేదు. నేపర్‌విల్‌లో, అరోరాలో ఉండే తెలుగువాళ్లకి ఆ ఊరు కొత్తేం కాదు, డౌన్‌టౌన్ ఆఫీసులకి వెళ్లే మెట్రా రైలు, బీఎన్‌ఎస్‌ఎఫ్ లైను, బెర్విన్ మీదుగానే పోతుంది. కిటికీలోంచి రోజూ కనిపించే ఆ బోర్డు చూసి పక్క సీటు అమెరికన్ ఎందుకు నవ్వుకుంటాడో ఈ ప్రోగ్రాం చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు ఆ ఊళ్లో చెక్ వాళ్ల కంటే స్పానిష్ మాట్లాడేవాళ్లే చాలా ఎక్కువ. జోకులో ఉన్న బెర్విన్ ఇప్పుడు టీవీలో మాత్రమే ఉంది.

తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఈ వ్యవహారం వెంటనే అందుతుంది. తెర మీద రామరావణ యుద్ధం నడుస్తుంటుంది, ఉన్నట్టుండి కేతిగాడూ బంగారక్కా దూరి ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటారు, ఆ ఊరి సంగతి ఏదో ఒకటి కలిపి నవ్విస్తారు, మళ్లీ తప్పుకుంటారు, రాముడు బాణం ఎక్కుపెట్టిన దగ్గర్నుంచి కథ నడుస్తుంది. వాళ్లొచ్చారని రామాయణం విలువ తగ్గదు, తెలిసిన కథనే తెల్లవార్లూ కూర్చుని చూడటానికి ఓపిక వచ్చేది వాళ్ల వల్లే. స్వెన్‌గూలీ చేసేదీ ఇదే పని. ఫ్రాంకెన్‌స్టైన్ చివర ఏమవుతుందో తెలియనివాడు ఆ ప్రోగ్రాం చూసేవాళ్లలో దాదాపు ఉండడు. తెలిసిన కథ మధ్యలో నవ్వుకునే చోటు ఒకటి కావాలి, అంతే. కాజ్ సినిమా మీద జోకు వేస్తాడు గానీ ఇలాంటి చెత్త చూస్తున్నారేంటి అని ప్రేక్షకుణ్ణి చులకన చెయ్యడు. అతనికి ఆ సినిమాలు నిజంగానే ఇష్టం, అది దాగదు.

ఆ ఇష్టం ఎక్కడ కనిపిస్తుందంటే, జోకుల మధ్య వచ్చే సమాచారం దగ్గర. ఈ నటుడు తర్వాత ఏ సీరియల్లో కనిపించాడు, ఈ సెట్టు అంతకుముందు ఏ సినిమాకి వేసింది, సినిమా చివరలో మమ్మీ కట్లలో ఉన్నది హీరోనా డూపా, ఇలాంటివి శ్రద్ధగా వెతికి పెట్టి చెబుతాడు. జోకు పేలకపోయినా ఫర్వాలేదు, పేలకపోవడమే ఇక్కడ పద్ధతి, అందుకే రబ్బరు కోళ్లు. సమాచారం మాత్రం సరిగ్గా ఉండాలి. ఇంటర్నెట్‌లో ఇవన్నీ దొరుకుతాయి కదా అనొచ్చు. దొరుకుతాయి, వెతకాలని తోస్తే. ఎవరికి తోస్తుంది? ఈ సమాచారంతో పాటు వారం వారం వచ్చేవి ఇంకా ఉన్నాయి: ప్రేక్షకుల ఉత్తరాలు, ఆ వారం సినిమా మీద ఏదో పాత హిట్టు బాణీలో కట్టిన పేరడీ పాట, కెర్విన్ అనే మాట్లాడే కోడి, పియానో దగ్గర కూర్చునే డగ్ గ్రేవ్స్. ఉత్తరం రాస్తే చదువుతారు, రబ్బరు కోడి పంపితే చూపిస్తారు. కాజ్ ఈ ప్రోగ్రాంలోకి వచ్చింది కూడా ఉత్తరం దారిలోనే కదా.

1986 జనవరిలో రెండోసారి ఆగింది. అప్పటికి డబ్ల్యూఎఫ్‌ఎల్‌డీ మీడియా వ్యాపారి రూపర్ట్ మర్డాక్ చేతికి వెళ్లే దశలో ఉంది, అదే ఏడాది అక్టోబరులో ఫాక్స్ నెట్‌వర్క్ మొదలైంది. నిజానికి అప్పటికే దేశమంతా ఈ జాతి పలచబడిపోతోంది. 1975 నుంచి శనివారం రాత్రి ఎన్‌బీసీలో పెద్ద కామెడీ షో వస్తోంది. కేబుల్ వచ్చింది, వీసీఆర్ వచ్చింది, కావాల్సిన సినిమా అద్దెకి తెచ్చుకోవచ్చు. అన్నిటికంటే పెద్ద దెబ్బ ఎవరూ పట్టించుకోని చోట తగిలింది. 1984లో అమెరికా ప్రభుత్వ కమిషన్ టీవీలో యాడ్స్‌కి ఉన్న టైము పరిమితి ఎత్తేసింది. దాంతో అరగంటకి అరగంట వంటగిన్నెలూ వ్యాయామం మెషీన్లూ అమ్ముకునే ప్రోగ్రాములు పుట్టుకొచ్చాయి. అర్ధరాత్రి స్లాటుకి వాళ్లే ఎదురు డబ్బులిస్తుంటే, సినిమా కొని, హోస్టుకి జీతమిచ్చి, సెట్టు వేసుకునే స్టేషన్ మేనేజరు ఎవడుంటాడు? జనానికి మొహం మొత్తి హారర్ హోస్టులు పోయారనుకుంటారు చాలామంది. ఆ స్లాట్లను అమ్మేసుకున్నారన్నది అంతకంటే నిజానికి దగ్గర.

1994 చివర్లో కాజ్‌ని మళ్లీ తెచ్చింది వీగెల్ బ్రాడ్‌కాస్టింగ్ వాళ్ల ఛానెల్ 26, డబ్ల్యూసీఐయూ. ఈసారి పేరులో ‘సన్’ లేదు. నువ్వు పెద్దవాడివయ్యావు, ఇక కొడుకువని చెప్పుకోనక్కర్లేదు అని బిషప్ పేరు అప్పగించేశాడు. ఆయన 2013లో పోయాడు, అంటే ఆ తర్వాత కూడా దాదాపు ఇరవై ఏళ్లు తన పేరు ఇంకొకడు మోస్తుంటే చూశాడన్నమాట. సినిమా వాళ్ల ఇళ్లలో వారసత్వం గురించి మనకి చెప్పక్కర్లేదు గానీ, రక్తసంబంధం లేని మనిషికి బతికుండగానే పేరు ఇంత నిశ్చింతగా ఇచ్చెయ్యడం ఎక్కడైనా అరుదే.

ఆ తర్వాత కథని మార్చింది ఒక సాంకేతిక మార్పు. 2009 జూన్‌లో అమెరికా టీవీ పూర్తిగా డిజిటల్ అయింది. పాత పద్ధతిలో ఒక్క ఛానెల్ పట్టే చోట ఇప్పుడు నాలుగైదు దూర్చొచ్చు. ప్రతి ఊళ్లో ప్రతి స్టేషను దగ్గరా ఖాళీ ఛానెళ్లు మిగిలాయి, వాటిలో వెయ్యడానికి చవగ్గా దొరికే సరుకు కావాలి. 1957లో వచ్చిన అవసరమే మళ్లీ వచ్చింది! వీగెల్ వాళ్లు తమ షికాగో పాత సీరియళ్ల ఛానెల్ మీటీవీని 2010 డిసెంబరులో దేశవ్యాప్తం చేశారు. 2011 ఏప్రిల్లో దాంతో పాటు స్వెన్‌గూలీని కూడా.

మామూలు లెక్క ప్రకారం ఇది దెబ్బతినాలి. టెక్సాస్‌లో కూర్చున్నవాడికి బెర్విన్ ఏంటి? కానీ ఆడింది, పదిహేనేళ్లుగా ఆడుతూనే ఉంది. ఇక్కడే డెట్రాయిట్ సంగతి మళ్లీ పనికొస్తుంది. 2011 నాటికి ఊరూరా హోస్టుల కుర్చీలు ఖాళీ అయి ఇరవై పాతికేళ్లయింది. స్వెన్‌గూలీ వచ్చి ఎవరినీ తోసెయ్యలేదు. తన ఊరి హోస్టుని పోగొట్టుకున్న యాభై ఏళ్ల మనిషి ఈయన్ని చూసి షికాగో వాడు అనుకోలేదు, మావాడు కూడా ఇలాగే ఉండేవాడు అనుకున్నాడు. బెర్విన్ ఎక్కడుందో తెలియకపోయినా ప్రతివాడికీ వాళ్ల ఊరి పక్కన ఒక బెర్విన్ ఉంటుంది, ఆ అరుపులో ఉన్న వెటకారం దేశంలో ఎక్కడైనా అర్థమవుతుంది. పైగా మీటీవీలో వారమంతా నడిచేవి పాత సీరియళ్లు. శనివారం రాత్రి కాజ్ ఒక విలన్ని చూపించి ఈయన ఫలానా సీరియల్లో షెరీఫ్ అనగానే ఇంట్లో పెద్దాయన సోఫాలో ముందుకి జరుగుతాడు, ఆ షెరీఫ్‌ని ఆయన నిన్న మధ్యాహ్నమే అదే ఛానెల్లో చూశాడు కాబట్టి. ఛానెల్‌కీ ప్రోగ్రాంకీ ఇంతకంటే మంచి జోడీ దొరకదు.

వేషం చేసిన మేలు ఇంకొకటి ఉంది. టీవీలో యాంకరు ముసలివాడైతే ఛానెల్ వాళ్లే పక్కన పెడతారు. 1979లో కాజ్ వయసు 27, ఇప్పుడు డెబ్భై దాటింది. విగ్గు, టోపీ, రంగు కింద ఆ తేడా అంతగా తెలియదు. 2012లో గుండెపోటు వచ్చింది, కోలుకుని మళ్లీ అదే పేటికలోకి వచ్చాడు. తాత చిన్నప్పుడు చూసిన మొహమే మనవడికీ కనిపిస్తుంది, ఇలా కుదిరే ఉద్యోగాలు టీవీలో చాలా తక్కువ.

లోపాలు లేవని కాదు. వేసిన సినిమాలే తిరిగి తిరిగి వస్తాయి. యాడ్స్ కోసం సినిమాని ఎడాపెడా కోస్తారు, డెబ్భై నిమిషాల సినిమా ముగిసేసరికి రెండు గంటలు దాటుతుంది. సినిమానే సినిమాగా చూడాలనుకునేవాడికి ఇది నరకం, వాళ్లకి డిస్కులున్నాయి, స్ట్రీమింగ్ ఉంది. ఇక్కడికి వచ్చేవాళ్లు వచ్చేది వేరే పనికి: తనలాంటి ఇంకెందరో ఇదే నిమిషంలో ఇదే పాడు జోకుకి మూలుగుతున్నారని తెలిసి చూడటానికి. చాలామంది ఫోన్ చేతిలో పెట్టుకుని ఒకళ్లకొకళ్లు మెసేజ్‌లు కొట్టుకుంటూ చూస్తారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికే సినిమా దగ్గర ఆ సరదా పుట్టదు, అందరికీ ఒకే టైము ఉండాలి.

2022లో కాజ్ పక్కన కొత్త వేషాలు కొన్ని వచ్చాయి. ‘స్వెన్ స్క్వాడ్’ అంటారు, అందులో గ్వెన్‌గూలీ అనే అమ్మాయి, ఇంప్ అనే అల్లరివాడు, నోస్టాల్జియాఫెరాటూ అనే పాత వస్తువుల పిచ్చోడు. 1973 పాఠం ఛానెల్‌కి గుర్తున్నట్టే ఉంది, ఎవరినీ తీసెయ్యలేదు, పెద్దాయన ఉండగానే పక్కన నిలబెట్టి అలవాటు చేస్తున్నారు. అయితే 1979కీ దీనికీ ఒక తేడా ఉంది. అప్పుడు వారసుణ్ణి ఎంచుకుంది బిషప్, అది కూడా ఏళ్ల తరబడి కలిసి పనిచేశాక. ఇప్పుడు వచ్చినవాళ్లు ముగ్గురు, ఎవరి పాత్ర వాళ్లది, ఎవరూ కాజ్ కొడుకులూ కూతుళ్లూ కారు. కాజ్‌కి కొడుకు హోదా నుంచి సొంత పేరు దాకా రావడానికి పదిహేనేళ్లు పట్టింది, అందులో సగానికి పైగా ఏళ్లు ప్రోగ్రామే లేదు. కొత్తవాళ్లకి అంత టైము ఇస్తారా లేదా అన్నది ప్రేక్షకుల కంటే వీగెల్ ఆఫీసులో తేలాల్సిన సంగతి.